బరువు పోటీలో మొదటి బహుమతి

మీరే చేశారు. ఇంకెవరో కాదు. తెల్లకోటు తొడుక్కుని మనిషి మొహం చూడకుండా సంతకాలు పెట్టే కంపెనీ డాక్టరు గారూ, మీరు. నవ్వుతూ భుజం తట్టి ఫొటో తీయించిన, కార్మికుల సంక్షేమం చూసే మేడం గారూ, మీరు. పైన అద్దాల గదిలో కూర్చుని ఆ ఫొటో చూసి భేష్ అన్న మేనేజరు గారూ, మీరు. ఒక మనిషి మీ కళ్ళముందే పూటపూటకీ కరిగిపోతుంటే చప్పట్లు కొట్టారు. కొంపలు అంటుకుంటే చలి కాచుకునేవాళ్ళ గురించి విన్నాను. మంటకి మార్కులేసేవాళ్ళని మిమ్మల్నే చూశాను.

ఆ వేసవి సంగతి చెప్తున్నాను.

చొక్కాలు కుట్టే ఫ్యాక్టరీ మాది. హాలు నిండా మెషీన్లు, పైన రేకులు, రేకుల కింద మేము. నేను కాలర్లు కుడతాను. నా పక్క మెషీను మీద కఫ్‌లు కుట్టేది మా తోడికోడలు, నా మరిది పెళ్ళాం. ఇంట్లో దాన్ని చిన్నది అంటారు, హాల్లోనూ అదే పేరు. నన్ను ఇంట్లో పెద్దది అంటారు. హాల్లో మాత్రం మైకు. గేటు ముందు నేను మాట్లాడితే వేరే మైకు పెట్టక్కర్లేదని.

ఇద్దరికీ షుగరే. నాకు ముందొచ్చింది, దానికి తర్వాతొచ్చింది. నాకొచ్చినప్పుడు మా అత్తయ్య, "నోరు కట్టుకోమంటే విన్నావా?" అంది. దానికొచ్చినప్పుడు, "చిన్నపిల్ల, దానికేంటమ్మా ఈ కష్టం!" అని కళ్ళొత్తుకుంది. ఒకే ఇల్లు, ఒకే పొయ్యి, ఒకే జబ్బు. నాకైతే నోటి తప్పు, దానికైతే రాత తప్పు.

కంపెనీ డాక్టరు దానికీ నా మాత్రలే రాశాడు. ఇంట్లో ఇంకెవరికైనా ఉందా అని అడిగాడట. మా ఇంటి పెద్దకోడలికి ఉంది అని ఇది చెప్పిందట. "అయితే ఇంటి జబ్బేలే" అని కలం తీశాడట. ఒక ఇంట్లో మెట్టినవాళ్ళమయ్యా మేము! ఒక కడుపున పుట్టినవాళ్ళం కాదు. నా రక్తానికీ దాని రక్తానికీ మధ్య ఉన్న చుట్టరికం ఏంటంటే, ఇద్దరం ఒకే అత్తగారి చేత తిట్లు తినడం. అందులోనూ నా వాటా ఎక్కువ.

ఆ వేసవిలోనే సంక్షేమం మేడం పోటీ పెట్టింది. "బరువు దించు, బతుకు పెంచు" అని హాలు గోడకి బట్ట కట్టింది. శనివారం షిఫ్టు దిగాక అందరూ ప్యాకింగు దగ్గర చొక్కాల బేళ్ళు తూచే కాటా ఎక్కాలి. వేసవి చివరికి ఎవరు ఎక్కువ తగ్గితే వాళ్ళకి బహుమతి. మధ్యాహ్నం భోజనానికి ఇచ్చే టైము పెంచమని మేము అడిగి అడిగి నోళ్ళు పడిపోయాయి. దానికి జవాబుగా ఈ కాటా వచ్చింది.

నేను ఎక్కకూడదనే అనుకున్నాను. కానీ చిన్నది ఎక్కింది. అది ఎక్కాక నేను ఎక్కకుండా ఉంటానా?

"జాగ్రత్త మైకక్కా, బేళ్ళ కాటా అది, లారీల కాటా కాదు" అన్నాడు రెండో శనివారం ప్యాకింగు మేస్త్రీ.

"నీ నోరు తూచే కాటా ఇంకా పుట్టలేదులే" అన్నాను. అందరూ నవ్వారు. ముల్లు మాత్రం నవ్వలేదు, పోయినవారం ఉన్నచోటే నిలబడింది. వారమంతా చప్పిడి తిండి తిన్నాను, చక్కెర లేని టీ తాగాను, ఆకలేస్తే గోడలు చూశాను. గాలి పీల్చినా ఒళ్ళొచ్చే జాతి నాది.

తర్వాత చిన్నది ఎక్కింది. ముల్లు వెనక్కి జారింది. చప్పట్లు.

మళ్ళీ శనివారం. మళ్ళీ జారింది. మళ్ళీ చప్పట్లు.

కడుపు మండిపోయేది. ఎందుకంటే అది తినేది! నా పక్కనే కూర్చుని, నాకంటే రెండు ముద్దలు ఎక్కువే తినేది. తిని కరిగేది. నేను మాడి ఊరేదాన్ని. దాని జాకెట్లు వదులైపోతే లోపలికి కుట్టి పెట్టింది కూడా నేనే. ఒక్కో కుట్టూ సూది నా ఒంట్లో దిగినట్టుండేది. పైగా ఇంటికెళ్తే అత్తయ్య పాఠం. "చూసి నేర్చుకో. పట్టుదలంటే అదీ. నోరు అదుపులో ఉంటే ఒళ్ళు అదుపులో ఉంటుంది."

"నోరు అదుపులో ఉందా? ఇందాకే మూడోసారి వడ్డించారు మీరు" అన్నాను.

"తిండి మీద కూడా ఏడుపేనా? ఛీ!" అంది.

ఒకరోజు మెషీన్ల దగ్గర ఉండబట్టలేక అడిగేశాను. "ఏమే, ఏం చేస్తున్నావు నువ్వు? ఏదైనా మందు తాగుతున్నావా?"

"మందా? అదేం లేదక్కా. దాహం ఎక్కువైంది. నీళ్ళు తాగుతున్నా, అంతే."

ఓహో, అదా కిటుకు అనుకున్నాను. మర్నాటి నుంచి అది సీసాడు తాగితే నేను సీసాన్నర తాగాను. అది కుళాయి దగ్గరికి లేస్తే నేనూ లేచాను. పొట్టలో నీళ్ళు కడవలో తొణికినట్టు తొణికేవి.

అక్కడ వచ్చింది చిక్కు. మా లైను మొత్తానికి ఒకటే బిళ్ళ. బాత్రూముకి వెళ్ళాలంటే సూపర్వైజరు బల్ల మీదున్న ఆ చెక్క బిళ్ళ చేత్తో పట్టుకుని వెళ్ళాలి, వచ్చి అక్కడే పెట్టాలి. ఒకరు వెళ్తే మిగతా లైనంతా కాళ్ళు బిగబట్టుకుని కూర్చోవాలి. ఆ బిళ్ళ ఎప్పుడు చూసినా చిన్నదాని చేతిలోనే.

"ఏమే, ఆ బిళ్ళ నీ పుట్టింటి నుంచి తెచ్చుకున్నావా?"

"ఆగలేకపోతున్నానక్కా."

"నేను మాత్రం ఆగగలనా? ఇద్దరం తాగేది ఆ కుళాయి నీళ్ళేగా!"

ఇంకొకరైతే సూపర్వైజరు గొంతు చించుకునేవాడు. దాన్ని మాత్రం ఏమీ అనడు. "పోటీలో ఉన్న అమ్మాయి, మేడం చూసుకోమన్నారు" అంటాడు. నేను రెండోసారి లేస్తే, "ఏంటి మైకూ, అక్కడేమైనా మీటింగు పెట్టావా?" అంటాడు. కుళ్ళుకోకుండా ఉండాలంటే మనిషి రాయైనా అయ్యుండాలి, అత్తగారైనా అయ్యుండాలి.

దాని చెంపలు లోపలికి పోయాయి. మెడ ఎముకలు బయటికొచ్చాయి. పొద్దున్నే లేచేసరికి పిక్కలు పట్టేస్తున్నాయంది. కళ్ళకి దారం కనపడక సూదిలో ఎక్కించమని నాకిచ్చేది. కంపెనీ డాక్టరు దగ్గరికి వెళ్తే, తల ఎత్తకుండా, "బరువు తగ్గుతున్నావు, మంచిదే. మాత్ర ఒకటి పెంచుతున్నా" అన్నాడట. అది విని నేను ఇంకా కుళ్ళుకున్నాను. నన్ను ఆయన ఏనాడూ మంచిదే అనలేదు.

మొదటి బహుమతి దానికే వచ్చింది. అందులో వింతేముంది? భోజనాల గదిలో బల్ల మీద నిలబెట్టారు. చీర కుచ్చిళ్ళకి పిన్నీసు మీద పిన్నీసు. మేడం దాని భుజం మీద చెయ్యేసి ఫొటో తీయించుకుంది. "మీ అందరికీ ఈ అమ్మాయే ఆదర్శం" అంది, నా వంక చూసి మరీ అంది. బహుమతి ఏంటో తెలుసా? పళ్ళరసం సీసాల పెట్టె. షుగరున్న మనిషికి తియ్యటి పళ్ళరసం! ఆ తెలివికి వేరే బహుమతి ఇవ్వాలి.

ఇంటికి మోసుకొచ్చింది. దాహం, దాహం అంటూ ఒకదాని తర్వాత ఒకటి తాగేసింది. "వదినకో సీసా ఇవ్వవే" అన్నాడు మరిది. అది విననట్టే ఉంది. పిసినారి ముండ అని నేను మనసులో అనుకోలేదు, పైకే అన్నాను.

రెండో రోజు పొద్దున వాంతులు మొదలయ్యాయి. గోడకి ఆనుకుని కూర్చుంది. గుండెల నిండా పెద్దపెద్ద ఊపిరి తీస్తోంది, పరుగెత్తుకొచ్చిన మనిషిలా. దగ్గరికెళ్తే నోటి నుంచి మగ్గిపోయిన పండు వాసన.

"ఎండదెబ్బ" అంది అత్తయ్య.

"ఎండ కాదు, రసం దెబ్బ. అంత తాగితే ఆ వాసన రాక ఏమొస్తుంది?" అన్నాను నేను. పనికి టైమైపోతోందని జడ వేసుకుంటున్నాను. ఇవాళ మేడం ఎవరిని ఆదర్శం అంటుందో చూద్దాం అనుకుంటున్నాను.

మరిది వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. "వదినా, పిలిస్తే పలకట్లేదు."

జడ వదిలేసి వెళ్ళి దాన్ని ఎత్తాను. ఎత్తితే చేతికి బరువే తగల్లేదు. చిన్నపిల్లని ఎత్తినట్టు లేచి వచ్చేసింది. కాటా అబద్ధం చెప్పలేదు అనుకున్నాను. అంతకుమించి ఏం అనుకోవాలో నాకు తెలీలేదు.

పెద్దాసుపత్రిలో కోటు చేతులు పైకి మడిచిన ఒక డాక్టరమ్మ దాని మీదకి వంగి వాసన చూసింది. వేలు గుచ్చి రక్తం చుక్క చూసింది. సెలైను పెట్టమంది. "ఈమెకి ఇన్సులిన్ ఎప్పటినుంచి ఆపేశారు?" అంది నన్ను.

"ఆపడమేంటమ్మా, ఎప్పుడూ లేదు. మాత్రలేగా."

"ఎంత బరువు తగ్గింది?"

"మొదటి బహుమతి వచ్చింది" అన్నాను.

ఆవిడ నా వంక చూసింది. లోపలికి వెళ్ళిపోయింది. ఇంకో పూట ఆలస్యమైతే శవాన్ని తీసుకెళ్ళేవాళ్ళు అని తర్వాత నర్సు చెప్పింది.

చిన్నది బతికి ఇంటికొచ్చింది, ఇన్సులిన్ సూదులతో. ఇక చూడాలి మా ఇంట్లో భోగం! ఫ్రిజ్‌లో పై అర దాని మందు సీసాకి ఖాళీ చేశారు. నా పాలగిన్నె కిందికి పోయింది. అత్తయ్య దానికి కప్పుతో కొలిచి మరీ అన్నం పెడుతుంది. "సూది వేసుకున్నావా తల్లీ? వేసుకున్నాక ఆలస్యం చెయ్యకుండా తిను." నాకు షుగరొచ్చి ఇన్నేళ్ళు. మాత్ర వేసుకున్నావా అని అడిగిన పాపాన పోలేదు ఆవిడ. దానికి మళ్ళీ ఒళ్ళు వస్తుంటే అందరూ మురిసిపోతున్నారు. నాకు ఒళ్ళొస్తే ఎవరైనా మురిశారా?

అందుకే ఆ మందు సీసా మీద నా కన్ను. ఫ్రిజ్ తెరిచినప్పుడల్లా చూసేదాన్ని, దేవుడి గదిలో దీపం చూసినట్టు. అలా చూడబట్టే తెలిసింది. సీసాలో మందు తగ్గాల్సినట్టు తగ్గట్లేదు.

పెరట్లో బట్టలారేస్తుంటే పట్టుకున్నాను. "ఏమే, సీసా అలాగే ఉందేం?"

తడిబట్ట పిండుతూనే ఉంది, పిండడానికి నీళ్ళు లేకపోయినా. "సగమే వేసుకుంటున్నానక్కా. కొన్ని పూటలు అదీ మానేస్తున్నా."

"ఎవరు మానమన్నారు?"

"కంపెనీ డాక్టరు. సూది మీదున్నవాళ్ళని మెషీను మీద కూర్చోబెట్టరట. కళ్ళు తిరిగి పడితే ఎవరిది పూచీ అన్నాడు. నీది మాత్రల షుగరే, ఆసుపత్రివాళ్ళు సూది అలవాటు చేశారు, మానేసి వస్తే మెషీను ఇస్తా అన్నాడు. ఈ నెలలోపల తేల్చుకోమన్నాడు."

"మళ్ళీ పడతావే, పిచ్చిదానా!"

"నువ్వు పడ్డావా?" అంది. మొదటిసారి దాని గొంతు లేచింది. "నీకు మాత్రలతో సరిపోతోందిగా! తెల్లారి లేచి గుర్రంలా తిరుగుతున్నావు, గేటు ముందు అరుస్తున్నావు. ఎవరి సూదీ అక్కర్లేదు నీకు. నాకెందుకు సరిపోదు? నీ ఒంట్లో ఉన్నదేంటి, నా ఒంట్లో లేనిదేంటి? నిన్ను చూస్తే కడుపు మండిపోతుందక్కా నాకు."

నన్ను చూసి, ఈ ఒంటిని చూసి, కుళ్ళుకునేవాళ్ళు కూడా ఉంటారని నాకెప్పుడు తట్టింది?

"పద. దేంట్లో ఎంతుందో ఆ డాక్టరమ్మనే అడుగుదాం" అన్నాను.

డాక్టరమ్మ అంతా విని కుర్చీలో వెనక్కి వాలింది. "మీ కంపెనీ డాక్టరుతో నేను వాదన పెట్టుకోను. రక్తం చేత చెప్పిద్దాం. సి-పెప్టైడ్ అని ఒక పరీక్ష ఉంది. ఆరోజే చేద్దును. కానీ చక్కెర అంత ఎక్కువున్నప్పుడు ఇన్సులిన్ తయారుచేసే క్లోమం దెబ్బకి తాత్కాలికంగా పడకేసి ఉంటుంది. అప్పుడు చూస్తే అంకె మోసం చేస్తుంది. ఇప్పుడు చెయ్యొచ్చు."

"ఏం తెలుస్తుంది దాంతో?" అన్నాను.

"ఈమె ఒళ్ళు సొంతంగా ఎంత ఇన్సులిన్ తయారు చేస్తోందో తెలుస్తుంది."

"అయితే నాకూ తియ్యండి."

"మీకెందుకు?"

"దానికి తీస్తే నాకెందుకు తియ్యరు? ఇద్దరివీ ఒకే మాత్రలు. నా రక్తం మాత్రం రక్తం కాదా?"

ఆవిడ నవ్వింది. "సరే, చెయ్యి చాపండి. అవసరం ఉందని కాదు. పక్కపక్కన పెడితే మీకే అర్థమవుతుంది."

రక్తం తీస్తుంటే చిన్నది అడిగింది. "డాక్టరుగారూ, నేను సూది వేసుకుంటున్నాగా. ఆ మందు కూడా కలిసిపోయి ఎక్కువ చూపించదా?"

"మంచి మాట అడిగావు" అంది డాక్టరమ్మ. నేను నర్సు వంక చూశాను. నేనడిగిందేమో చెడ్డ మాటా? "కలవదు. ఎందుకో విను. క్లోమం ఇన్సులిన్‌ని నేరుగా తయారు చెయ్యదు. ముందు ఒక పొడుగాటి గొలుసు చేస్తుంది. దాన్ని కత్తిరించి ఇన్సులిన్ తీస్తే మధ్యలో ఒక ముక్క మిగులుతుంది. అదే సి-పెప్టైడ్. ఒక ఇన్సులిన్ తయారైతే ఒక ముక్క. రెండూ కలిసే రక్తంలోకి వస్తాయి."

"మా కటింగు బల్ల కింద పేలికల్లాగా" అంది చిన్నది. "కింద పడ్డ ముక్కలు లెక్కపెడితే పైన ఎన్ని కాలర్లు కోశారో తెలిసిపోతుంది."

ఆ మాట నా నాలుక చివరే ఉంది. కాలర్లు కుట్టేది నేను. కఫ్‌లు కుట్టేది ముందు అనేసింది. ఊరుకుంటానా? "సూదిమందు రెడీమేడ్ చొక్కా లాంటిది. బయట కుట్టించి తెచ్చింది. దానికి మన బల్ల కింద పేలికలెక్కడ పడతాయి?" అన్నాను.

"సరిగ్గా అంతే" అంది డాక్టరమ్మ. చిన్నది నన్ను మోచేత్తో పొడిచింది. ఇద్దరికీ చెరో మార్కు.

ఫలితాలకి మళ్ళీ వెళ్ళినప్పుడు రెండు కాగితాలూ బల్ల మీద పక్కపక్కనే పెట్టింది. చిన్నదాని కాగితంలో సున్నా, చుక్క, పక్కన ఒకటి. నా దాంట్లో నాలుగు దాటి ఉంది.

"నాదే ఎక్కువ!" అన్నాను. నోరు ఆగలేదు. వేసవంతా కాటా దగ్గర ఓడిపోయినదాన్ని.

"అబ్బ, గెలిచావులే" అంది చిన్నది, నిజంగానే నవ్వుతూ.

డాక్టరమ్మ నవ్వలేదు. నా కాగితం ముందు తీసుకుంది. "మీ క్లోమం మామూలు మనిషి కంటే ఎక్కువ ఇన్సులిన్ చేస్తోంది. కిడ్నీ పాడైతే కూడా ఈ ముక్క బయటికి పోక అంకె పెరుగుతుంది, అందుకే అదీ చూశాను. మీ కిడ్నీలు బాగున్నాయి. అంటే సరుకుంది. ఒళ్ళే దాని మాట వినట్లేదు. అందుకని క్లోమం ఇంకా ఇంకా చేస్తోంది. మీకు మాత్రలు పని చేస్తాయి, నడక పని చేస్తుంది."

నా క్లోమం కూడా నాలాంటిదే అన్నమాట. లోపల అరుస్తూనే ఉంది, వినేవాళ్ళు లేరు.

"మరి నాది?" అంది చిన్నది.

"అంకె ఒక్కటే చూస్తే చాలదు. అదే రక్తంలో చక్కెర ఎంతుందో పక్కన పెట్టి చూడాలి. చక్కెర తక్కువున్నప్పుడు క్లోమం ఎవరికైనా పని తగ్గిస్తుంది. నీకు చక్కెర బాగా ఎక్కువుంది. అంత పని ముందు పోసి ఉన్నా ముక్కలు పడలేదు." కలంతో ఆ అంకె కింద గీత గీసింది. "లోపల పనిచేసేవాళ్ళు దాదాపు లేరమ్మా. కొందరికి ఒళ్ళే తన క్లోమం మీద తిరగబడుతుంది. చిన్నపిల్లలకే వస్తుందనుకుంటారు, ఏ వయసులోనైనా రావచ్చు. ఇంకో పరీక్షలో అదీ తేలింది. నీకు పెంచిన ఆ మాత్ర క్లోమాన్ని తరిమి పని చేయించే మాత్ర. ఖాళీ హాలు ముందు నిలబడి సైరన్ మోగిస్తే ఏం లాభం?"

"అయితే నేను బరువు తగ్గింది..."

"తిన్నది ఒంటికి పట్టక, ఒళ్ళు తన కండనే తినేసింది."

చిన్నది కాగితాన్ని తన వైపు తిప్పుకుంది. "సూది ఒక్క రోజు మానేస్తే?"

"మానకూడదు."

"ఒక్క పూట?"

"మానకూడదమ్మా."

కాగితాలు తీసుకుని లేచింది. బయట మందుల కిటికీ దగ్గర పెద్ద వరస. నేను వెళ్ళి నిలబడ్డాను. అది బెంచీ మీద కూర్చుని రెండు కాగితాలూ ఒళ్ళో పెట్టుకుని చూస్తోంది, ఒకసారి దానిది, ఒకసారి నాది. వరసలో నా ముందున్నామె, "మీ చెల్లెలా?" అని అడిగింది. అవునన్నాను.

కంపెనీ డాక్టరు ఆ కాగితాలు చదివాడు. చదివి, "ఉండొచ్చు" అన్నాడు. "కానీ రూలు రూలే. సూది మీదున్నవాళ్ళకి మెషీను ఇవ్వం." అంతే. తప్పు చేశానని ఆయన మొహంలో ఒక్క గీత కూడా పడలేదు.

ఆ మాట గేటు దగ్గర అందరికీ చెప్పాను. మర్నాడు పొద్దున గంట కొట్టాక మా లైనులో ఎవరూ కూర్చోలేదు. మెషీన్ల పక్కన నిలబడ్డాం. పక్క లైను వంగి చూసి వాళ్ళూ నిలబడ్డారు. నేను గొంతు సవరించుకున్నాను. ఏం చెప్పాలో దారంతా అనుకుంటూ వచ్చాను, మంచి మాటలు, నిప్పులాంటి మాటలు. అంతలో నా వెంట లోపలికి వచ్చిన చిన్నది ముందుకెళ్ళి స్టూలెక్కింది. జీవితంలో పదిమంది ముందు నోరు విప్పని మనిషి.

"నేను పోటీలో గెలవలేదు" అంది. "నా ఒంట్లో ఇన్సులిన్ అయిపోయింది. అందుకే ఎండిపోయాను. మీరంతా చప్పట్లు కొట్టారు, నేనూ నవ్వాను. నాకు తెలీదు, మీకూ తెలీదు. తెలియాల్సినవాడు చూడలేదు. సూది వేసుకుంటే నేను కుట్టగలను. మానేస్తే చచ్చిపోతాను. నాకు కుట్టాలనుంది." దిగిపోయింది.

గాలికి రేకులు కొట్టుకోవడం తప్ప హాల్లో చప్పుడు లేదు. నా మీటింగుల్లో ఎప్పుడైనా అలా ఉందా? వెనక నుంచి దగ్గులు, నవ్వులు, టీ ఎప్పుడొస్తుందని అరుపులు. ఇది నాలుగు ముక్కలు చెప్పి దిగితే ఆడవాళ్ళు కళ్ళు తుడుచుకుంటున్నారు. కుళ్ళు పుట్టింది. దాచేదేముంది? అద్దాల గదిలోంచి మేనేజరు కిందికి దిగి వస్తున్నప్పుడు కూడా నాకు ఆ కుళ్ళే.

మధ్యాహ్నానికి, రూలు కాగితం గోడ మీద అలాగే ఉంచి, దాని మెషీను దానికిచ్చారు. సూది వేసుకుని తినడానికి టైమిచ్చారు. అది మళ్ళీ నా పక్కనే కూర్చుని కఫ్‌లు కుడుతోంది. ఇప్పుడు గేటు ముందు మాట్లాడమంటే అందరూ దాన్నే అడుగుతున్నారు. "మైకూ, నువ్వు కాస్త ఆగు, చిన్నదాన్ని చెప్పనీ" అంటున్నారు. ఆగుతున్నాను, పళ్ళు కొరుకుతూ.

కానీ డాక్టరు గారూ, మీరు మారలేదు. ఇస్త్రీ బల్ల దగ్గర ఎడమ చేత్తో పని చేసే ఆవిడ ఉంది. ముగ్గురు పిల్లల తల్లి. ఆవిరిలో నిలబడి నీళ్ళు తాగుతూనే ఉంది, చేతి గాజులు మోచేతిదాకా జారుతున్నాయి. పోయినవారం మీ దగ్గరికి వచ్చింది. మొహం చూడకుండా షుగరు మాత్రలు రాశారు. ఆవిడ షుగరు ఏ రకమో నాకు తెలీదు. మీకూ తెలీదు. ఆ తెలీదన్న మాట మీ నోటితో అనండి ముందు.

అని, ఆవిడని పెద్దాసుపత్రికి పంపండి. నీరసంగా ఉంటే పరీక్షల కోసం కూర్చోబెట్టకండి, ముందు ప్రాణం నిలబెట్టే వైద్యం చేయించండి. కుదుటపడ్డాక సి-పెప్టైడ్ చూడమనండి, పక్కనే చక్కెర చూడమనండి. ఏ మనిషి రక్తం చూడకుండా ఆ మనిషి ఇన్సులిన్ ఆపమని ఇంకోసారి అనకండి. సూది వేసుకునేవాళ్ళకి మెషీను లేదన్న ఆ రూలు కాగితం గోడ మీంచి చింపండి. మీరు చింపకపోతే మేం చింపుతాం.

చిన్నది ఆవిడ చెయ్యి పట్టుకుని గేటు దగ్గర నిలబడి ఉంది. బండి కూడా వచ్చింది. షిఫ్టు దిగాక చూద్దాం అంటే కుదరదు. గేటు తియ్యండి. ఇప్పుడే.